ఫోనెవరి చేతిలో ఉంది?

2023 జూన్ 12న టీవీల్లో రోజంతా క్రోసూరు పేరు వినిపించింది. బడులు తెరిచిన రోజు అది. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆ ఏటి విద్యాకానుక పంపిణీని క్రోసూరు ఆదర్శ పాఠశాలలో మొదలుపెట్టారు. బూట్లు, బ్యాగులు, పుస్తకాలతో పాటు ఆ రోజు అందరి కళ్ళూ గోడమీద తెర మీదే ఉన్నాయి. ఆరో తరగతి నుంచి పైన ప్రతి గదిలోనూ డిజిటల్ తెరలు పెడతామని అక్కడే ప్రకటించారు. క్రోసూరు మా అమ్మ పుట్టిల్లు. తెలిసిన ఊరిని టీవీలో చూసుకోవడంలో ఏదో పసితనపు సంబరం ఉంటుంది. అదయ్యాక ఒక ప్రశ్న మిగిలింది. ఇంత పెద్ద ప్రారంభానికి తగిన బడి క్రోసూరు లాంటి చోటికి అసలెందుకు వచ్చింది?

ఆదర్శ పాఠశాలల పథకాన్ని కేంద్రం విద్యాపరంగా వెనుకబడిన మండలాల కోసం పెట్టింది. వెనుకబాటును దేనితో కొలిచారో చూడండి. 2001 జనాభా లెక్కల్లో గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశ సగటు 46.13 శాతం కన్నా తక్కువగా ఉండాలి, ఆడా మగా అక్షరాస్యతల మధ్య తేడా దేశ సగటు 21.59 శాతం కన్నా ఎక్కువగా ఉండాలి. అంటే మా అమ్మమ్మ తరం వేలిముద్రలే ఆ బడికి పునాది. అక్కడ కెమెరాల ముందు ఈ మాట ఎవరన్నా అన్నారో లేదో గానీ, తెర కథ చెప్పాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

బడిలోకి తెర రావడం కొత్త సంగతేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో తెలుగు గ్రామాలు కూడా ఉన్నాయి. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. కుటుంబ నియంత్రణ కార్యక్రమం వచ్చే వేళకు, అది ఎవరి ఒంటికి సంబంధించిందో వాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. పొద్దుగూకాక నలుగురి మధ్య కూర్చుని టీవీ చూసే తీరిక మన పల్లెల్లో ఏ ఆడవాళ్ళకుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2004లో ఎడ్యుశాట్ వచ్చింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి, నడిపే బాధ్యత ప్రైవేటు సంస్థలకిచ్చారు. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒకామె అలా ఒక బడిలో కంప్యూటరు నేర్పేది. జీతం ఎంతని అడిగితే నవ్వేది, ‘ఆటో చార్జీలు పోను చెప్పనా?’ అనేది. 2013లో ఒప్పందాల గడువు ముగిసింది, ఆమె పనీ ముగిసింది. యంత్రాల చరిత్ర రాసేవాళ్ళు ఎన్ని కంప్యూటర్లు వచ్చాయో రాస్తారు. వాటి ముందు నిలబడి పాఠం చెప్పి, ఒక రోజున ఇంటికి వెళ్ళిపోయిన ఇలాంటి ఆడవాళ్ళ లెక్క మాత్రం కనబడదు.

ఇక 2020. మార్చిలో బడులు మూశారు. పదో తరగతి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం పేరుతో పాఠాలు వచ్చాయి. ఆ తర్వాత పిల్లల్ని మూడుగా విడదీశారు: కంప్యూటరో స్మార్ట్ ఫోనో ఉన్నవాళ్ళు, టీవీయో రేడియోయో ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు. ఏదీ లేనివాళ్ళ కోసం విద్యావారధి బళ్ళు తిప్పారు. ఆలోచన మంచిదే, పట్టించుకున్నందుకు సంతోషించాను కూడా. కానీ ఇంట్లో ఫోనుండడం వేరు, ఇంట్లో ఆడపిల్ల చేతిలో ఫోనుండడం వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. ఒకే ఇల్లు, ఒకే సిగ్నలు!

మా మేనమామ ఇంట్లో ఒకటే స్మార్ట్ ఫోను. పగలు ఆయనతో పొలం వెళ్ళేది, రాత్రి కొడుకు చేతికొచ్చేది. కొడుకు ఇంటర్, కూతురు పదో తరగతి. ‘వాడి మార్కులు ఎంసెట్‌కి కావాలి గదమ్మా’ అంది అత్తయ్య. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కఠినత్వమేమీ లేదు, ఇంట్లో ఎప్పుడూ జరిగేదే చెప్పింది. పిల్ల ఆ వర్షాకాలమంతా పత్తిలో కలుపు తీసింది. నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు, వెళ్ళింది. 2021లో పరీక్షలు రద్దయ్యాయి, అందరితో పాటు ఆమే పాస్. ఆ కాగితం చూపించి, ‘వదినా, చదవకుండా పాసయ్యానంటే నవ్వుతున్నారు’ అంది. ఇంటర్‌లో చేరలేదు.

నా సంగతీ చెప్పాలి. అప్పుడు నేను హైదరాబాదులో అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను, ఆన్‌లైన్ సదస్సుల్లో స్త్రీల చదువు గురించి మాట్లాడాను. నా పాత ఫోను బీరువాలో బాగానే పనిచేస్తూ పడుంది. దాన్ని క్రోసూరు పంపాలని నాకు తట్టలేదు. తట్టిందేమో, పంపే తీరిక చేసుకోలేదేమో, ఇప్పుడు నేనే ఖాయంగా చెప్పలేను.

అందుకే 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలైనప్పుడు, కంపెనీతో ఒప్పందం గురించి ఎన్ని అనుమానాలున్నా, ఒక్క విషయానికి నేను లోలోపల ఆనందించాను. అది ఇంటికి ఇచ్చింది కాదు, పిల్లకు ఇచ్చింది. పాఠాలు ముందే నింపి ఇచ్చారు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ‘ట్యాబులిచ్చి పిల్లల్ని పాడుచేస్తున్నారు’ అన్న మాట ఆ రోజుల్లో బాగా వినబడింది. చెడిపోతారన్న భయం మగపిల్లవాడి విషయంలో రెండు తిట్లతో తీరుతుంది, ఆడపిల్ల విషయంలో పెళ్ళి సంబంధం దాకా పోతుంది. 2023 డిసెంబరులో రెండో విడత ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారింది. పాఠాలు సమకూర్చిన బైజూస్ కంపెనీ అదే ఏడు జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

మొన్న ఫిబ్రవరిలో క్రోసూరు వెళ్ళాను. మిరపకోతలు. కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు చేలగట్ల మీద పరదాలు వేసుకున్నాయి. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు గంప పక్కన కూర్చుని కాయలు తెంపుతున్నారు. వాళ్ళ ఊళ్ళో బడిలో తెర వెలుగుతూనే ఉండొచ్చు.

మామయ్య కూతురికి ఇప్పుడు రెండేళ్ళ పాప. పక్క మండలంలో ఉంటుంది. వారానికోసారి వీడియో కాల్ చేస్తుంది, పాపను చూపిస్తుంది, ఆయన పొలం నుంచి రాగానే పెట్టేస్తుంది. ఆమె నెంబరు నా ఫోనులో ఒకప్పుడు మామయ్య పేరు కింద ఉండేది, ఇప్పుడు ఆమె భర్త పేరు కింద ఉంది.