అడవికి ఎన్ని అంతస్తులు?

ఊరి పక్క అడవిలో ఎన్ని జాతుల పక్షులున్నవో లెక్కించాలంటే ఏళ్లు పట్టును. కాని అడవి నిర్మాణమును చూచి కొంతవరకు అంచనా కట్టవచ్చును. ఈ ఆలోచన ఎట్లా వచ్చిందో తెలుసుకుందాం.

డేవిస్, రిచర్డ్స్ అను శాస్త్రజ్ఞులు దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో ఒక సన్నని పట్టీలోని చెట్లన్నిటినీ కొలిచి, పక్కనుంచి చూస్తే అడవి ఎట్లుండునో బొమ్మ గీసి 1933లో ప్రకటించారు. మేడకు వలె అడవికీ అంతస్తులున్నవని ఆ బొమ్మ చూపింది.

అమెరికాలో రాబర్ట్ మెకార్థర్, జాన్ మెకార్థర్ 1961లో ఇంకొక అడుగు వేశారు. ఆకును మూడు పొరలుగా చూశారు: నేలనుంచి 2 అడుగులు, 2 నుంచి 25 అడుగులు, ఆపైన. కొలత సులువైనదే. ఒకరు పలక పట్టుకొని దూరంగా జరగాలి. పలకలో సగం ఆకుల చాటున పడేసరికి ఎంత దూరమైనదో చూడాలి. దూరం తక్కువైతే ఆకు దట్టమన్నమాట. మూడు పొరలలోనూ ఆకు సమముగా పరచుకొన్నచోట పక్షిజాతులు ఎక్కువగా కనిపించాయి. ఇది తెలిసిన పిమ్మట, చెట్లజాతులు ఎన్నో లెక్కించినందువల్ల అంచనా ఏమీ మెరుగుపడలేదు!

కారణమేమి? కొన్ని పక్షులు నేలపై రాలుటాకు కెలుకుతాయి. కొన్ని పొదలలో, కొన్ని పైకొమ్మలలో మేత వెదకుకొంటాయి. పొదలు నరికితే నడిమి అంతస్తు పక్షులు ఇల్లు ఖాళీ చేయవలసిందే.

2018 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి పంపిన లేసరు పరికరంతో ఈ అంతస్తులను ఆకాశంనుంచే కొలవగలిగారు.

అయితే సూచిక వేరు, లెక్క వేరు. లాంటానా కంప అల్లుకొన్నా నడిమి అంతస్తు నిండినట్లే ఉండును. అది మేలు కాదు. అంతస్తులు పెరిగితే అన్ని జీవులకూ మంచిదనీ అనుకోరాదు. మన కడప జిల్లా కలివికోడిని చూడండి. 1900 తరువాత కానరాక, నశించిందనుకొన్న ఆ పక్షి 1986లో లంకమల ప్రాంతంలో మళ్లీ కనిపించింది. దానికి కావలసింది మరీ దట్టం కాని పొదలు, నడుమ ఖాళీ నేల. పొదలు మొత్తం కొట్టివేసినా, అక్కడ చెట్లు కిక్కిరిసి నాటినా దానికి చోటుండదు.

కాబట్టి అడవిని “శుభ్రం” చేద్దామని ఊరు తీర్మానించుకొనే ముందు ఒకసారి లోపలికి నడచి రండి. మోకాలి ఎత్తున ఏమున్నది, ఇంటి ఎత్తున ఏమున్నది, ఆపైన ఏమున్నది? మూడూ వ్రాసుకొనండి. అక్కడ ఏ జీవులున్నవో ఊరి పెద్దలను, పశువుల కాపరులను అడగండి. ఆ తరువాతనే కొడవలి ఎత్తండి.