చిలక జోస్యం: పంజరం నుంచి చట్టం దాకా

చిలక జోస్యం తెలుగునాట, తమిళనాట గుడి మెట్ల దగ్గర, బస్టాండుల ముందు పెరిగిన వృత్తి. చెట్టు నీడన పరిచిన గుడ్డ, దేవుళ్ల బొమ్మలున్న కార్డుల వరస, పక్కనే చిన్న పంజరం. దుకాణమంతా అంతే. వచ్చినవాళ్ల పేరు అడిగి జోస్యుడు పంజరం తలుపు ఎత్తుతాడు. చిలక నడుచుకుంటూ వచ్చి, ఒక్కో కార్డునూ ముక్కుతో లాగి పక్కన పడేస్తూ, చివరికొకటి బయట పెడుతుంది. కూలి ఒక వడ్లగింజ. అది తిని మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. బొమ్మను చూసి ఫలితం చెప్పడం మనిషి వంతు.

తమిళ జోస్యుల కట్టలో సాధారణంగా 27 కార్డులుంటాయి, నక్షత్రానికొకటి. వలస వెళ్లిన తమిళులతో ఈ విద్య సింగపూర్, మలేసియాలకూ చేరింది. నేటి నగరాల్లో కనిపించే టారో కట్టలో 78 కార్డులు. అది 15వ శతాబ్దపు ఇటలీలో వట్టి పేకాట. జోస్యం సాధనంగా పేరు తెచ్చుకున్నది 18వ శతాబ్దం చివర, ఫ్రాన్స్‌లో. అక్కడ కార్డు తీసేది మనిషే. ఇక్కడ ఆ పని రామచిలక నెత్తిన పడింది.

రామచిలక చెట్టుతొర్రల్లో గూడు కట్టి, గుంపులుగా తిరిగే పక్షి. పిల్లలుగా ఉన్నప్పుడే తొర్రలోంచి తీసి అమ్మేవారు. ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు. ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడల్లా మళ్లీ కత్తెర తప్పదు. పంజరం తలుపు తెరిచినా చిలక పారిపోకపోవడాన్ని మచ్చికగా చూసి జనం మురిసిపోయారు. నిజానికి అందులో కత్తెర పాలు చాలా ఎక్కువ.

ఈ బాధను చట్టసభకు చేర్చిన వారిలో మొదట చెప్పుకోవలసిన పేరు రుక్మిణీదేవి అరుండేల్. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన ఆమె జంతుహింసపై సొంతంగా బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ హామీ ఇవ్వడంతో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1962లో మద్రాసులో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దేశవాళీ పక్షుల వ్యాపారం 1990ల తొలినాళ్లకు పూర్తిగా నిషిద్ధమైంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక రామచిలక రెండో షెడ్యూలులో ఉంది. ఇంట్లో పెంచుకోవడమూ నేరమే.

2018లో బోర్డు కార్యాలయం చెన్నై నుంచి ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్‌కు, జాతీయ జంతు సంక్షేమ సంస్థ ప్రాంగణానికి మారింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రామచిలకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

1960 చట్టం కింద హింసకు మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కాపాడే ఖర్చు ముందు ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. పట్టుకున్న చిలకను వెంటనే గాలిలోకి వదిలేస్తే పిల్లికో కాకికో బలి అవుతుంది. కొత్త ఈకలు రావడానికి నెలలు పడుతుంది. ఆపైన పెద్ద పంజరంలో ఎగరడం, తిండి వెతుక్కోవడం మళ్లీ నేర్చుకోవాలి. మనిషికి బాగా అలవాటుపడినవి జన్మంతా ఆశ్రయంలోనే ఉండిపోతాయి. 1992లో అక్కినేని అమల ప్రారంభించిన హైదరాబాద్ బ్లూక్రాస్ వంటి ఆశ్రయాలు చాలావరకు దాతల చందాల మీదే నడుస్తున్నాయి.