చాట్స్‌వర్త్ ఇంటి అద్దెలు: మనవారి పోరాటము

1860 నవంబరు 16న మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరినది. 1911 వరకు గిరిమిట్టుపై నేటాలుకు వచ్చిన సుమారు 1,52,000 మందిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి ప్రాంతముల తెలుగువారు ఎందరో ఉన్నారు. గడువు తీరినా మరల కూలి ఒప్పందమునకు లోబడక ఇక్కడనే నిలిచినవారిపై 1895 చట్టము ఏటేటా మూడు పౌనుల పన్ను వేసినది. 1913 మహాసమ్మె జరిగిన తరువాతనే, 1914లో, అది రద్దయినది. ఈ గడ్డపై కాపురముండుటకే వెల కట్టుట మన పెద్దలకు కొత్త కాదు.

1950 గ్రూప్ ఏరియాస్ చట్టము ఎవరు ఎక్కడ నివసించవలెనో జాతినిబట్టి నిర్ణయించినది. కేటో మేనర్‌లో కూరగాయలు పండించుకొని బ్రతికినవారిని, మ్యాగజీన్ బ్యారక్స్‌లోని పురపాలక కార్మికులను 1960లలో చాట్స్‌వర్త్ అద్దె ఇండ్లకు తరలించినారు. ఉమ్మడి కుటుంబములు విడిపోయినవి. పట్టణము దూరమైనది, కూలి డబ్బులో బస్సు చార్జీకి కొంత, అద్దెకు కొంత పోగా మిగిలినదే తిండికి.

మామూలుగా అద్దె పెరిగితే మరొక ఇల్లు వెదకుకొనవచ్చును. మనవారికి చట్టమే ఆ దారి మూసినది. ఇంటి యజమాని నగరసభ. దానిని ఎన్నుకొను ఓటును నేటాలు భారతీయులు 1924లోనే కోల్పోయినారు. తరువాత వచ్చిన స్థానిక వ్యవహారాల సంఘములు సలహా చెప్పగలవేగాని నిర్ణయింపలేవు. కనుకనే అద్దె మాట రాజకీయమైనది.

1980లో అద్దెలు పెంచబూనినప్పుడు చాట్స్‌వర్త్, ఫీనిక్స్, న్యూలాండ్స్ ఈస్ట్ మొదలగు పేటల నివాసులు డర్బన్ హౌసింగ్ యాక్షన్ కమిటీగా ఏకమైనారు. కుటుంబము భరించగలిగినంతే అద్దె ఉండవలెనని వారి కోరిక. ఇష్టపడి రాని ఇంటికి, ఓటు లేని సభ చెప్పినంత ఎందుకు చెల్లించవలెనని వారి ప్రశ్న. తమిళులు, తెలుగువారు, హిందీవారు, ముస్లిములు, కలర్డ్ సోదరులు ఒకే వేదికపై నిలిచినారు.

ఆ ఐక్యత అద్దెలతో ఆగలేదు. 1984 ఆగస్టులో త్రిసభా పార్లమెంటులో భారతీయుల సభకు ఎన్నికలు జరిగినప్పుడు నమోదైన ఓటర్లలో సుమారు ఐదవవంతు మాత్రమే ఓటు వేసినారు. అదే సెప్టెంబరు 3న వాల్ ప్రాంతపు ఆఫ్రికన్ పేటలలో అద్దె పెంపుపై తిరుగుబాటు చెలరేగినది. వారి బాధ, మన బాధ ఒకే చట్టముల బిడ్డలు.

1994లో అందరికీ ఓటు వచ్చినది. కాని అద్దె బకాయిల పేర చాట్స్‌వర్త్ పేదలను ఖాళీ చేయించు ప్రయత్నములు తరువాతకూడ జరిగినవి. 1999 నుండి ఫాతిమా మీర్ మొదలైనవారు వారి పక్షమున నిలిచినారు. పరిస్థితులన్నీ విచారించిన కోర్టు ఉత్తర్వు లేనిదే ఎవరినీ ఇంటినుండి వెళ్లగొట్టరాదని 1996 రాజ్యాంగము, 26వ విభాగములో, చెప్పుచున్నది. ఆనాడు సభలకు నడిచి వెళ్లిన అమ్మమ్మలు, తాతయ్యలు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. వారి నోట విని, పాత అద్దె చీటీలు పారవేయక, మన పిల్లలకు అందించుదము.