పల్లె జ్వరం పట్నానికి వచ్చిన కథ

మన బనగానపల్లెలో వానల కంటే ఎండలెక్కువ. వేసవిలో బావులు అడుగంటే ఈ సీమలో దోమలకు చోటెక్కడిదని మనలో చాలామంది అనుకొని ఉంటారు. కానీ మలేరియా చరిత్ర తిరగేస్తే, నీటి ఎద్దడి కూడా దోమకు ఆశ్రయమిస్తుందని తెలుస్తుంది.

ఈ జ్వరం గుట్టు బయటపడింది తెలుగు నేలమీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. మలేరియాపై చేసిన పరిశోధనలకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. మన సంస్థానం 1948లో కర్నూలు జిల్లాలో కలిసింది. తర్వాత ఐదేళ్ళకు, 1953లో, జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో అదే నిర్మూలన కార్యక్రమమయింది. ఇంటింటికీ వచ్చి గోడలకు డి.డి.టి. కొట్టి, తేదీ వ్రాసి వెళ్ళిన సిబ్బంది మన తరం వారికి గుర్తుండే ఉంటారు. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగివచ్చాయి.

ఆ సంతోషం నిలవలేదు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు లొంగకపోవడం ఒక కారణమైతే, పట్టణాలపై తగినంత దృష్టి లేకపోవడం మరొకటి. పల్లె దోమ కాలువల్లో, పొలం గుంటల్లో పెరుగుతుంది. పట్టణాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై మాత్రం బావుల్లో, తొట్లలో, మేడమీది ట్యాంకుల్లో నిలిచిన శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది. గోడలకు మందు కొట్టినంత మాత్రాన ఇది తగ్గదు, పిల్లపురుగుగా నీటిలో ఉన్నప్పుడే చంపాలి. 1971లో పట్టణ మలేరియా పథకం ప్రారంభించింది ఇందుకే.

కుళాయి రోజూ రాని ఊళ్ళో నీళ్ళు పట్టి ఉంచుకోక తప్పదు. ఊరు పెరిగేకొద్దీ తొట్లు, సంపులు, ట్యాంకులు పెరుగుతాయి. మురుగు పారే దారి లేక వీధిలో నిలిస్తే అందులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. బోదకాలును మోసేది అదే. అంటే మంచినీరు నిలిస్తే ఒక జబ్బు, మురుగునీరు నిలిస్తే మరొకటి. ఇది మన ఒక్కరి బాధ కాదు. మన దేశపు పట్టణ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది, అటు తర్వాత ఇథియోపియా పట్టణాలకూ చేరింది.

మనలో చాలామంది రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవారమే. ట్యాంకు పెట్టించినప్పుడున్న శ్రద్ధ, దాని మూతపై ఉందా? గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక వారానికొకసారి తొట్లు తోమి ఆరబెట్టాలి, సంపుకు, ట్యాంకుకు గట్టి మూత ఉండాలి. మెట్లెక్కే ఓపిక లేనివారు మనవలను పంపండి. గోడమీద తేదీ వ్రాసే ఉద్యోగి కోసం ఇక ఎదురుచూడనక్కరలేదు. ఆ పని ఇప్పుడు మన ఇంట్లోనే ఉంది.