యంత్రం తప్పుకు పేరు ఎవరిది? రోబో, కృత్రిమ మేధ రూపకల్పనలో బాధ్యతా సూత్రం: ఒక పరిశీలన

రోబోల నైతికత గురించి రాసేవారు చాలావరకు ఐజాక్ అసిమోవ్ దగ్గరే మొదలుపెడతారు. 1942లో వచ్చిన 'రన్‌అరౌండ్' కథలో ఆయన మూడు సూత్రాలు పెట్టాడు: రోబో మనిషికి హాని చేయరాదు, మనిషి ఆజ్ఞ పాటించాలి, తన్ను తాను కాపాడుకోవాలి. ముందున్న సూత్రానికి భంగం రానంతవరకే తర్వాతిది చెల్లుతుంది. అయితే ఆ కథలోనే బుధగ్రహం మీద ఒక రోబో రెండో సూత్రానికీ మూడో సూత్రానికీ మధ్య ఇరుక్కుపోయి సెలీనియం మడుగు చుట్టూ గిరగిరా తిరుగుతుంటుంది. సూత్రాలు ఎలా బెడిసికొడతాయో చూపడమే రచయితకు కథావస్తువు. వాటిని చట్టం ముసాయిదాగా చదవడం ఆయనకూ న్యాయం కాదు, మనకూ ఉపయోగం కాదు.

నైతిక సూత్రం కట్టడి చేయవలసింది యంత్రాన్ని కాదు, దాన్ని తయారుచేసేవారిని, కొనేవారిని, జనం మీద ప్రయోగించేవారిని. ఈ మాట కొత్తది కాదు. కానీ 'బాధ్యుడు మనిషే' అని రాసుకున్నంత మాత్రాన బాధ్యత సరైన మనిషిని చేరదని, చాలాసార్లు అది అందరికన్నా కింద ఉన్నవాడి మీద పడుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటన్ పంచసూత్రాలు

2010 సెప్టెంబరులో బ్రిటన్‌లోని రెండు పరిశోధన మండళ్లు, ఒకటి ఇంజనీరింగ్, భౌతిక శాస్త్రాలది, మరొకటి కళలు, మానవీయ శాస్త్రాలది, వివిధ రంగాల నిపుణులను ఒకచోట కూర్చోబెట్టాయి. అలన్ విన్‌ఫీల్డ్, జోవన్నా బ్రైసన్ వారిలో ఉన్నారు. అక్కడ తయారైన ఐదు సూత్రాల సారం ఇది. జాతీయ భద్రత కోసం తప్ప, చంపడమే పనిగా రోబోలను రూపొందించరాదు. బాధ్యత వహించే కర్తలు మనుషులే; రోబోల తయారీ, వాడకం ఇప్పటికే ఉన్న చట్టాలకు, గోప్యతతో సహా ప్రాథమిక హక్కులకు లోబడాలి. రోబో ఒక ఉత్పత్తి, కనుక దాని భద్రతకు హామీ ఉండాలి. బలహీనులను మోసగించేలా దాన్ని మలచరాదు, అది యంత్రమని తెలుస్తూనే ఉండాలి. ప్రతి రోబోకూ చట్టరీత్యా బాధ్యులెవరో తేలేలా ఉండాలి.

మొదటి సూత్రంలోని మినహాయింపు సూత్రాన్నే మింగేసింది. ఏ దేశం ఏ ఆయుధాన్ని జాతీయ భద్రత కోసం కాదంటుంది? నాలుగోది దానికన్నా లోతైనది. జపాన్‌లో తకనోరి షిబాతా రూపొందించిన 'పారో' అనే సీల్ పిల్ల రోబోను మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు ఒడిలో పెట్టి ఇస్తున్నారు. నిమిరితే అది స్పందిస్తుంది, వృద్ధులకు ఊరట దొరుకుతుంది. అది బొమ్మ అని వారికి ఎప్పుడూ గుర్తుండకపోవచ్చు. దీన్ని మోసమనడానికి నాకు మనసొప్పదు. 'నీ బాధ నాకు అర్థమైంది' అంటూ ఒంటరి యువకుణ్ణి గంటల తరబడి ఫోనుకు కట్టిపడేసే చాట్‌బాట్‌ను మాత్రం మోసమనే అంటాను. దాని వెనుక లాభాపేక్ష ఉంది, విడిపించుకోనివ్వని నేర్పు ఉంది.

అన్నిటికన్నా సాదాగా కనిపించేది ఐదో సూత్రం. వాహనానికి యజమాని పేరు ఉన్నట్టే రోబోకూ ఉండాలంటుంది, అంతే. ఆచరణలో బాగా తడబడుతున్నదీ ఇదే.

టెంపే ప్రమాదం

2018 మార్చి 18 రాత్రి అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని టెంపేలో, ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన విషయాలు రూపకర్తలందరూ చదవదగినవి. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. కానీ వాహనమని ఒకసారి, మరేదో వస్తువని ఒకసారి, సైకిలని ఇంకోసారి గుర్తింపు మార్చుకుంటూ పోయింది. గుర్తింపు మారినప్పుడల్లా అంతకుముందు ఆమె ఎటు కదిలిందన్న లెక్కను వదిలేసింది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. అనవసరంగా బ్రేకులు పడకుండా, ప్రమాదం పసిగట్టాక ఒక సెకను ఆగేలా దాన్ని రాశారు. వోల్వో కారుకు సహజంగా ఉన్న అత్యవసర బ్రేకు వ్యవస్థను కంప్యూటర్ నడిపే సమయంలో పనిచేయకుండా ఆపేశారు. కారులో ఇద్దరు ఉండే పద్ధతిని అంతకు కొన్ని నెలల ముందే మార్చి ఒక్కరితో సరిపెట్టారు.

ఆ ఒక్క పర్యవేక్షకురాలు ఆ సమయంలో ఫోను చూస్తోంది. ఆమె తప్పు కాదనలేం; ప్రమాదానికి తక్షణ కారణంగా మండలి చెప్పిందీ అదే. కానీ సంస్థలో భద్రతా నిర్వహణ చాలలేదని, యంత్రం సాఫీగా నడుస్తుంటే మనిషి చూపు సడలుతుందని తెలిసినా తగిన ఏర్పాటు లేదని కూడా చెప్పింది. న్యాయస్థానంలో కథ ఎలా ముగిసింది? సంస్థ మీద క్రిమినల్ బాధ్యత మోపడానికి ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటర్ తేల్చేశారు. మృతురాలి కుటుంబంతో సంస్థ రాజీ చేసుకుంది. పర్యవేక్షకురాలు 2023లో నేరం అంగీకరించింది, మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

మడలిన్ ఎలిష్ అనే పరిశోధకురాలు ఇలాంటి స్థితికి ఒక పోలిక చెప్పింది. గుద్దుకున్నప్పుడు కారు ముందుభాగం నలిగి లోపలి మనిషిని కాపాడుతుంది. స్వయంచాలిత వ్యవస్థల్లో మనిషే నలిగి వ్యవస్థను కాపాడతాడు. ఐదో సూత్రం కోరినట్టు ఇక్కడ ఒక పేరు దొరికింది. ఒక సెకను ఆగాలని నిర్ణయించినవారి పేరు మాత్రం కాదు.

రేషన్ కార్డు ముందు

బాధ్యత ఇలా కిందివారి మీద పడటం చక్రాలున్న యంత్రాలకే పరిమితం కాదు. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' పేరుతో అనేక శాఖల రికార్డులను జోడించింది. పేరు, చిరునామా వంటి వివరాలు పోల్చి, ఫలానా కుటుంబానికి కారు ఉంది, ఫలానా కుటుంబానికి రేషన్ కార్డు అర్హత లేదు అని అది సూచిస్తుంది. ఒకే రకం పేర్లు వేలల్లో ఉండి, ఒకే ఇంటిపేరును ఒక్కో ఆఫీసులో ఒక్కోలా రాసే చోట ఈ పోలిక ఎంత నమ్మదగినదో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. ఇంటికి వచ్చి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ చెప్పిందని కార్డులు తీసేశారంటూ దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో సుమారు 19 లక్షల కార్డుల రద్దును క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. ఆ ఏడాది జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే 15,471 అర్హమైనవిగా తేలాయి. అంటే నూటికి ఏడుకు పైనే. దరఖాస్తు చేసుకోలేనివారి లెక్క ఇందులో లేదు.

ఇక్కడ నలిగింది పర్యవేక్షకుడు కూడా కాదు, లబ్ధిదారు. తనకు కారు లేదని రుజువు చేసుకోవలసిన భారం అతని మీదే పడింది. లేనిదానికి రుజువు ఎక్కడినుంచి తెస్తాడు? మండల కార్యాలయంలో గుమాస్తా 'సిస్టమ్‌లో అలా ఉంది' అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. తెర మీద ఉన్నదాన్ని మార్చే అధికారం అతనికి లేదు.

పేరుతో పాటు అధికారం

2017లో యూరోపియన్ పార్లమెంటు, భవిష్యత్తులో రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా ఇచ్చే విషయం పరిశీలించమని కోరింది. మరుసటి ఏడాది నూటయాభైమందికి పైగా నిపుణులు దాన్ని వ్యతిరేకిస్తూ లేఖ రాశారు. వారి పక్షమే సరైనదని నా అభిప్రాయం. జైలుకు పోలేని, జరిమానా కట్టలేని వ్యక్తిని సృష్టిస్తే తయారీదారుకు మంచి కవచం దొరుకుతుంది.

2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరోపియన్ కృత్రిమ మేధ చట్టం ఇంకో దారి పట్టింది. ఎక్కువ ప్రమాదమున్న వ్యవస్థలను పర్యవేక్షించే మనిషికి తగిన శిక్షణ, సామర్థ్యం, అధికారం మూడూ ఉండాలంది. యంత్రం చెప్పిందే నిజమనుకునే మనిషి బలహీనతనూ ప్రస్తావించింది. విన్‌ఫీల్డ్, మరీనా జిరోట్కా 2017లో ప్రతిపాదించిన 'నైతిక బ్లాక్‌బాక్స్' దీనికి తోడు రావాలి. విమానంలో మాదిరిగా రోబో ఏం చూసింది, ఏం నిర్ణయించింది అన్నది నమోదవుతుంది. అయితే యంత్రం నిర్ణయమే కాదు, ఆ నిర్ణయానికి హద్దులు గీసిన మనిషి సంతకం కూడా అందులో ఉండాలని నేను చేరుస్తాను. టెంపేలో లోపించింది అదే.

కనుక మన ప్రభుత్వ శాఖలు ఇలాంటి వ్యవస్థలకు టెండరు పిలిచేటప్పుడే కొన్ని షరతులు రాయాలి. తొలగింపుకు ముందు కారణంతో నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు మీద నిర్ణయాన్ని మార్చగల అధికారి పేరు ఉండాలి. అర్హత లేదని తేలేవరకు పాత లబ్ధి ఆగకూడదు. రుజువు చేసే భారం శాఖదే కావాలి. ఈ షరతులకు ఒప్పుకోని సంస్థ సాఫ్ట్‌వేర్ ఎంత చవకగా వచ్చినా కొనకూడదు.