నొప్పి నివారణ, పునరావాస చికిత్స: మారిన చట్టం, మారవలసిన ఆచరణ

క్యాన్సర్ ముదిరిన రోగికైనా, పక్షవాతంతో మంచాన పడిన వృద్ధునికైనా వైద్యులు చేయగల ముఖ్యమైన మేలు రెండు విధాలు. నొప్పిని అదుపులో ఉంచడం ఒకటి. తన పనులు తాను చేసుకొనగల స్థితికి వీలైనంత మేరకు రోగిని తీసుకురావడం రెండవది. ఈ రెండింటినీ వేర్వేరుగా చూడడం పాత పద్ధతి. నొప్పి తగ్గనిదే రోగి లేచి నడవలేడు. కదలిక లేనిదే కీళ్లు బిగుసుకుపోయి, వీపున పుండ్లు పడి, కొత్త నొప్పి మొదలవుతుంది. కావున నొప్పి నివారణ, పునరావాస చికిత్స ఒకేసారి ప్రారంభం కావాలన్నది నేటి వైద్య విధానం. ఇందుకు కావలసిన మందులు చవకైనవి, చట్టం కూడా అనుకూలంగా ఉన్నది. అయినప్పటికీ 2017లో వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక ప్రకారం, మన దేశంలో మార్ఫిన్ వంటి నొప్పి నివారణ ఔషధాలు వైద్య అవసరంలో సుమారు 4 శాతం మేరకే అందుతున్నాయి.

ఈ పరిస్థితికి కారణం కొరత కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు సాగు జరుగుతున్నది. (మన వంటింట మసాలాకు వాడే గసగసాలు ఈ మొక్క గింజలే.) ఘాజీపూర్, నీముచ్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలలో నల్లమందును శుద్ధి చేస్తారు. ముడిసరుకు పండించే దేశంలోనే రోగికి మాత్ర దొరకకపోవడానికి మూలం 1985 నాటి మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టంలో ఉన్నది. అక్రమ రవాణాను అరికట్టే ఉద్దేశంతో చేసిన ఆ చట్టంలో కఠిన శిక్షలు విధించారు. ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ చేయాలంటే వేర్వేరు శాఖల నుంచి పలు లైసెన్సులు పొందవలసి వచ్చేది. అన్నీ ఏకకాలంలో చెల్లుబాటులో ఉండాలి. ఒకటి వచ్చేసరికి మరొకటి గడువు తీరిపోయేది. ఫలితంగా మందుల దుకాణాలు, ఆసుపత్రులు మార్ఫిన్‌ను క్రమంగా వదిలివేశాయి. దేశంలో వైద్యానికి వినియోగించిన మార్ఫిన్ 1997 నాటికి సుమారు 18 కిలోలకు పడిపోయింది. ఒక తరం వైద్యులు ఈ మందును చేతితో తాకకుండానే చదువు ముగించారనడం అతిశయోక్తి కాదు.

2014లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. మాదకద్రవ్యాల నియంత్రణతో పాటు, వైద్య, శాస్త్రీయ అవసరాలకు అవి అందుబాటులో ఉండేలా చూడడం కూడా ప్రభుత్వ బాధ్యతగా చట్టంలో చేరింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులు ‘అత్యావశ్యక మాదక ఔషధాలు’గా గుర్తింపు పొందాయి. వీటికి సంబంధించిన నిబంధనలు 2015లో దేశమంతటికీ ఒకేవిధంగా అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒకే ఒక అనుమతితో ఆసుపత్రి ‘గుర్తింపు పొందిన వైద్య సంస్థ’ అవుతుంది. నొప్పి నివారణ, ఉపశమన చికిత్సలో శిక్షణ పొందిన వైద్యుడు ఒకరు సంస్థలో ఉండాలి. కొనుగోలు, వినియోగం, నిల్వల లెక్కలు సక్రమంగా రాయాలి. ఏటా అవసరమయ్యే పరిమాణం అంచనాను సమర్పించాలి. ఇంతకు మించిన చిక్కు ఇందులో లేదు. దరఖాస్తు చేయడానికి వెనుకాడే ఆసుపత్రుల వద్ద మిగిలినది చట్టభయం కంటే అలవాటైన సంకోచమే.

వైద్యపరమైన సందేహాలకు కూడా సమాధానాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల విధానాన్ని ప్రకటించింది. స్వల్ప నొప్పికి పారాసిటమాల్ వంటివి, మధ్యస్థ నొప్పికి కోడీన్ వంటివి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. మందును నోటి ద్వారా, వేళ ప్రకారం ఇవ్వాలన్నది ఇందులోని కీలకాంశం. నొప్పి భరించలేనిదైన తరువాత సూదిమందు వేయడం కాక, నొప్పి తిరిగి రాకముందే తరువాతి మాత్ర ఇవ్వాలి. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచితే శ్వాసకు ప్రమాదం అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. కనుక విరేచనకారిని కూడా తొలిరోజు నుంచే ఇవ్వడం విధి. నరాల నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులు తోడుగా ఇస్తారు. ఎముకలకు వ్యాపించిన క్యాన్సర్ నొప్పిని అనేకమందిలో ఒకే ఒక రేడియేషన్ చికిత్సతో తగ్గించవచ్చును.

నొప్పిని కొలవడం కూడా చికిత్సలో భాగమే. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమని రోగిని అడుగుతారు. పిల్లలకు ముఖాల బొమ్మలు చూపుతారు. అంకెలు అంతుపట్టని వృద్ధులను రూపాయికి ఎన్నణాల నొప్పి అని అడిగినా వైద్యునికి అదే సమాచారం లభిస్తుంది.

అయితే ప్రతి నొప్పికీ మార్ఫిన్ మందు కాదు. 1990ల నుంచి అమెరికాలో నడుము నొప్పి వంటి దీర్ఘకాలిక బాధలకు ఈ తరగతి మందులను విచక్షణారహితంగా రాయడం వల్ల ఏర్పడిన వ్యసన సంక్షోభం అందరికీ తెలిసినదే. నడుము, మోకాళ్ల నొప్పులకు నేడు మొదటి చికిత్స వ్యాయామం, బరువు తగ్గడం, ఫిజియోథెరపీ. నెలల తరబడి విశ్రాంతి అనే పాత సలహాను వైద్యులు ఇప్పుడు ఇవ్వడం లేదు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అనంతరం భుజం వ్యాయామాలు, చేతివాపుకు కట్లు. పక్షవాత రోగికి పరిస్థితి కుదుటపడగానే కూర్చోబెట్టడం, నిలబెట్టడం. మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం వంటివి ఖరీదైన యంత్రాలు అవసరం లేని సేవలు. కాలు కోల్పోయినవారికి లేని కాలిలో వచ్చే నొప్పికి చెన్నైలో వైద్యవిద్య అభ్యసించిన శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో సూచించిన అద్దం చికిత్సకు కావలసినది నిలువుటద్దం, శిక్షణ పొందిన మనిషి మాత్రమే.

నొప్పి శరీరానిది మాత్రమే కాదన్న ఆలోచనను వైద్యరంగంలో నిలబెట్టినది బ్రిటన్‌కు చెందిన డాక్టర్ సిసిలీ సాండర్స్. ఆమె నర్సుగా, వైద్య సామాజిక కార్యకర్తగా పనిచేసి ఆ తరువాత వైద్యురాలైనారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. అప్పులు, పిల్లల చదువు, ఒంటరితనం కూడా నొప్పిని పెంచుతాయని ఆమె గమనించారు. మన దేశంలో ఈ దృష్టిని ఆసుపత్రి గోడలు దాటించిన ఘనత కేరళది. 1993లో కోళికోడ్‌లో మొదలైన స్వచ్ఛంద కృషి పంచాయతీల స్థాయికి చేరింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించింది. నర్సు రోగి ఇంటికే వెళ్లడం అక్కడి పద్ధతికి ప్రాణం. ఈ ఉద్యమ సారథులలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ లభించింది.

తెలుగు రాష్ట్రాలలో హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఈ సేవలకు ప్రధాన కేంద్రం. పిల్లలకు కూడా ఇక్కడ ఉపశమన చికిత్స లభిస్తున్నది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల ఉపశమన కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలలో సిబ్బంది రోగుల ఇళ్లకు వెళ్లే విధానాన్ని ప్రవేశపెట్టారు. అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం ప్రాంత రోగులకు అందుబాటులో ఉన్నది. ఎక్కువమంది రోగులు మాత్రం ఈ కేంద్రాలకు దూరంగా, మండలాలలో, గ్రామాలలో ఉన్నారు. ఒక స్ట్రిప్ మాత్రల కోసం రోగి బంధువు రాత్రి బస్సులో నగరానికి ప్రయాణం చేయవలసిన అగత్యం తప్పాలంటే సమీప ఆసుపత్రికి గుర్తింపు ఉండాలి.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. మన పత్రికలలో ‘మార్ఫిన్’ అనే మాట తరచుగా పట్టివేత వార్తలలోనే కనిపిస్తుంది. తమ జిల్లాలో గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఎన్ని, శిక్షణ పొందిన వైద్యులు ఎందరు, గత ఆరు నెలలలో మాత్రల నిల్వ ఎన్నడైనా నిండుకున్నదా అనే మూడు ప్రశ్నలు ఔషధ నియంత్రణ అధికారులను, ఆసుపత్రుల సూపరింటెండెంట్లను అడిగిన పక్షంలో పాఠకులకు ఉపయోగపడే వార్త లభిస్తుంది.