ఎలక్ట్రానిక్ దిగుమతులు: ధ్రువపత్రాల తనిఖీ

విదేశీ తయారీదారు నుంచి ఎలక్ట్రానిక్ సరుకు కొనేముందు, అది భారతీయ భద్రతా ప్రమాణాలకు లోబడి ఉందని చూపే పత్రాలను సరిచూడటమే ఈ తనిఖీ. నల్లగొండ, మహబూబ్‌నగర్ దుకాణాల్లో అమ్మే ఛార్జర్లు, పవర్ బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. కేంద్రం 2012లో తెచ్చిన నిర్బంధ నమోదు ఉత్తర్వు దీనికి మూలం. 2021లో దాని స్థానంలో కొత్తది వచ్చింది.

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే నమోదు సంఖ్య ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది. సంఖ్య అసలుదైనంత మాత్రాన సరిపోదు. నమోదు ఫలానా బ్రాండుకు, ఫలానా కర్మాగారానికి మాత్రమే దక్కుతుంది. అదే కంపెనీ మరోచోట తయారుచేసిన సరుకుకు చెల్లదు. అందుకే బీఐఎస్ కేర్ యాప్‌లో సంఖ్య వెతికి, కర్మాగారం చిరునామా, బ్రాండు, గడువు ఒక్కొక్కటీ పోల్చాలి. తనిఖీలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఐరోపా మార్కెట్‌కు వాడే సీఈ గుర్తు చాలావరకు తయారీదారు స్వీయ ప్రకటన; బీఐఎస్ నమోదుకు బదులు కాదు. బ్లూటూత్, వైఫై ఉంటే టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కూడా చూడాలి.

లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం, రవాణాకు యూఎన్ 38.3 పరీక్ష నివేదిక అవసరం.